దెబ్బ కాచుకుందాం

(ఇది ఒక మండల కేంద్రంలో జరిగిన మహిళల సమావేశంలో ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఒకరు పైకి చదవండి. మిగతావారు వినండి. మధ్యమధ్య ఆగి, చెప్పినట్టు చేసి చూడండి.)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా! 

నేను బడిలో ఆటల టీచర్ని. పిల్లలు నన్ను డ్రిల్లు టీచరమ్మ అంటారు. చిన్నప్పుడు కరాటే నేర్చుకున్నాను. పోటీలకు కూడా వెళ్లాను. అందుకే ఈరోజు మీతో మాట్లాడమని పిలిచారు. "టీచరమ్మా, ఎవడైనా ఉన్నట్టుండి గుద్దితే ఎలా కాచుకోవాలో మా ఆడవాళ్లకు చెప్పండి" అన్నారు.

చెప్తాను. కాని ముందు ఒక నిజం చెప్పాలి. నేను కూడా దెబ్బ తిన్నదాన్నే.

నాకు జరిగింది ఇదీ

చాలా ఏళ్ల కిందటి మాట. సాయంత్రం పూట బస్టాండులో ఉన్నాను. ఒక చేతిలో సంచి. ఇంకో చేతిలో గొడుగు. అక్కడ ఒక ముసలమ్మ జామకాయలు అమ్ముకుంటోంది. ఒకడు చిల్లర దగ్గర ఆమెతో గొడవ పెట్టుకున్నాడు. నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. చుట్టూ జనం ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు.

నాకు కోపం వచ్చింది. దగ్గరికి వెళ్లాను. చాలా దగ్గరికి వెళ్లాను. "పెద్దామెను ఎందుకు తిడతావు?" అని గట్టిగా అడిగాను. వాడు తిట్టడం ఆపేశాడు. అటూ ఇటూ చూశాడు. "సర్లే, వదిలేశాడు" అనుకున్నాను.

అంతే. కళ్ల ముందు మెరుపు మెరిసినట్టయింది. నేను కింద ఉన్నాను. పెదవి చీలింది. నోట్లో నెత్తురు. గుద్దు ఎటునుంచి వచ్చిందో కూడా చూడలేదు. పక్కనే సిమెంటు అరుగు ఉంది. దాని అంచుకు నా తల జానెడు దూరంలో పడింది. ఆ జానెడే నన్ను బతికించింది.

"కరాటే నేర్చుకున్నావు కదా, ఏమైంది?" అని మీరు అడగొచ్చు. నేను కూడా నన్ను అదే అడిగాను. చాలా రోజులు ఆలోచించాను. అప్పుడు నాకు తెలిసిన సంగతులే ఇవాళ మీకు చెప్తున్నాను.

చెయ్యి కన్నా గుద్దు ముందు

ముందు వరసలో ఉన్న అక్కా, ఇలా రా. భయపడకు.

(ఒక అక్క ముందుకు వచ్చింది. అందరూ నవ్వారు.)

ఇది పిల్లల అడుగుబద్ద. నేను దీన్ని నిలువుగా పట్టుకుంటాను. నువ్వు కింద అంచు దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి పెట్టు. బద్దను తాకకు. నేను చెప్పకుండా వదిలేస్తాను. నువ్వు పట్టుకో.

(బద్ద జారింది. అక్క పట్టుకుంది. ఎనిమిది అంగుళాల గుర్తు దగ్గర పట్టుకుంది.)

చూశారా? అక్క బద్ద మీదే కన్ను వేసి ఉంది. జారుతుందని ముందే తెలుసు. అయినా దాదాపు జానెడు జారింది. ఆ తర్వాతే వేళ్లు మూసుకున్నాయి. ఎందుకు? కన్ను చూడాలి. మెదడుకు కబురు వెళ్లాలి. మెదడు చేతికి చెప్పాలి. అప్పుడు చెయ్యి కదలాలి. దీనికంతా సెకనులో అయిదో వంతు, నాలుగో వంతు పడుతుంది. ఇది ఎవరికైనా అంతే. నాకైనా, పహిల్వానుకైనా పెద్ద తేడా ఉండదు.

ఇంకోసారి చేద్దాం. అక్కా, మీ పిల్లలు ఏం చదువుతున్నారు?

("పెద్దోడు తొమ్మిదో...", అంటుండగానే టీచరు బద్ద వదిలారు. బద్ద నేలమీద పడింది. అందరూ నవ్వారు.)

నవ్వకండి. నాకు బస్టాండులో జరిగింది ఇదే. మనసు ఇంకోచోట ఉంటే చెయ్యి కదలనే కదలదు. కొట్టేవాడికి ఈ సంగతి తెలుసు. అందుకే "టైమెంత?" అంటాడు. "అటు చూడు, ఎవరొస్తున్నారో" అంటాడు. మీరు అటు చూస్తారు. గుద్దు ఇటు పడుతుంది.

దగ్గరలో నిలబడ్డవాడి పిడికిలి మన ముఖం దాకా రావడానికి పట్టే సమయం చాలా తక్కువ. మన చెయ్యి లేచేలోపలే అది వచ్చేస్తుంది. కాబట్టి మొదటి పాఠం ఇది. గుద్దును చూసి ఆపడం కుదరదు. సినిమాల్లో ఆపుతారు. బయట కుదరదు. గుద్దు రాకముందే కాచుకోవాలి.

ఎలా? మూడు కాపులు ఉన్నాయి. దూరం ఒక కాపు. చేతులు ఒక కాపు. గడ్డం ఒక కాపు.

మొదటి కాపు: దూరం

కోపంగా ఉన్నవాడికి దగ్గరగా నిలబడకండి. ఎంత దూరం ఉండాలి? మీ చెయ్యి చాపండి. అతని చెయ్యి చాపినట్టు అనుకోండి. ఆ రెండు చేతులంత దూరం మధ్యలో ఉండాలి. అప్పుడు అతను మిమ్మల్ని కొట్టాలంటే ముందు అడుగు వెయ్యాలి. పిడికిలి చిన్నది, అది వచ్చేటప్పుడు కనబడదు. అడుగు పెద్దది. మనిషంతా కదులుతాడు. అది కనబడుతుంది. అడుగు కనబడితే మనకు వెనక్కి జరగడానికి సమయం దొరుకుతుంది.

అతను ఒక అడుగు ముందుకు వేస్తే మీరు ఒక అడుగు వెనక్కి వెయ్యండి. నేరుగా వెనక్కి పోతూనే ఉండకండి. వెనక గోడ ఉండొచ్చు. కాలవ ఉండొచ్చు. పక్కకు జరగండి. దారి ఎటు ఉందో చూసుకోండి. మనకూ అతనికీ మధ్య ఏదైనా అడ్డం ఉంటే ఇంకా మంచిది. మంచం, బల్ల, బండి, బావి గట్టు, ఏదైనా సరే.

"వెనక్కి జరిగితే భయపడ్డాననుకుంటాడు కదా" అని ఒక చెల్లెలు నన్ను అడిగింది. అనుకోనివ్వండి. అతను ఏమనుకుంటే మనకేం? మన పళ్లు మనకుంటే చాలు.

కొట్టబోయే మనిషిలో కొన్ని గుర్తులు కనబడతాయి. బాగా గుర్తు పెట్టుకోండి.

అరుస్తున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోతాడు.
ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తాడు.
పిడికిలి బిగిస్తాడు. లేదా చెయ్యి వెనక్కి దాచుకుంటాడు.
ఒక కాలు వెనక్కి వేస్తాడు. ఒక భుజం వెనక్కి పోతుంది.
మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గరికి వచ్చేస్తాడు.

బస్టాండులో వాడు తిట్టడం ఆపాడు. అటూ ఇటూ చూశాడు. రెండు గుర్తులూ నా ముందే ఉన్నాయి. నేను చదవలేకపోయాను. అక్షరాలు చదవడం ఒక చదువు. మనిషిని చదవడం ఇంకో చదువు.

ఈ గుర్తులు చూడాలంటే కన్ను ఎక్కడ ఉండాలి? అతని కళ్లల్లోకి చూడకండి. చేతులనే చూస్తూ ఉండకండి. అతని గుండె, భుజాలు ఉన్న చోట చూపు పెట్టండి. చెయ్యి కదలాలంటే ముందు భుజం కదలాలి.

రెండో కాపు: చేతులు

ఇప్పుడు అందరూ లేవండి. మామూలుగా నిలబడండి. మీ చేతులు ఎక్కడ ఉన్నాయో చూసుకోండి.

కొందరు చేతులు కట్టుకున్నారు. కొందరు నడుం మీద పెట్టుకున్నారు. కొందరు కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. మామూలుగా అయితే తప్పు లేదు. కోపంగా ఉన్నవాడి ముందు అలా నిలబడకూడదు. చేతులు కిందనుంచి ముఖం దాకా రావడానికి చాలా సమయం కావాలి.

ఇలా చెయ్యండి. రెండు చేతులూ గుండె ఎత్తుకు తెండి. మోచేతులు పక్కటెముకల దగ్గర పెట్టుకోండి. అరచేతులు తెరిచి అతని వైపు పెట్టండి. "వద్దు బాబూ, ఆగు" అన్నట్టు. అంతే. పిడికిలి బిగించవద్దు.

దీనివల్ల మూడు లాభాలు. ఒకటి, చేతులు ముఖానికి దగ్గరగా ఉన్నాయి. రెండు, అతనికి మన ముఖం దాకా తిన్నగా దారి లేదు. మూడు, చూసేవాళ్లకు మనం కొట్లాటకు దిగలేదని తెలుస్తుంది. రేపు సాక్ష్యం చెప్పేటప్పుడు "ఆమె చేతులెత్తి వద్దు వద్దు అంది" అని చెప్తారు.

నోరు కూడా వాడాలి. గట్టిగా అనండి: "ఆగు! దగ్గరికి రాకు!" బతిమాలవద్దు. తిట్టవద్దు. తిడితే కోపం పెరుగుతుంది. ఒకే మాట గట్టిగా అనండి. మళ్లీ అదే మాట అనండి. ఏదీ, అందరం ఒకసారి అందాం.

("ఆగు! దగ్గరికి రాకు!" అని అందరూ అన్నారు.)

ఇంకా గట్టిగా. కొందరికి సిగ్గు పోలేదు. పొలంలో పిట్టల్ని తోలేటప్పుడు ఎలా అరుస్తాం? ఆ గొంతు రావాలి.

కాళ్ల సంగతి కూడా చెప్తాను. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి నిలబడితే చిన్న తోపుకే పడిపోతాం. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టండి. మోకాళ్లు కొంచెం వంచండి. నెత్తిన బరువు ఎత్తుకునేటప్పుడు మనం ఎలా నిలబడతామో అలాగే. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు కాలికి అడ్డం పడకుండా చూసుకోండి.

చేతుల్లో ఏమైనా ఉంటే? వదిలెయ్యండి. నేను ఆరోజు సంచి, గొడుగు వదల్లేదు. బిందె ఉంటే బిందె వదిలెయ్యండి. బిందెకు సొట్ట పడితే మాట్లు వేసేవాడు సరిచేస్తాడు. చంకలో బిడ్డ ఉంటే మాత్రం బిడ్డను అతనికి దూరంగా, అవతలి పక్కకు మార్చుకోండి. మీ భుజం అతని వైపు పెట్టండి.

మూడో కాపు: గడ్డం

గుద్దు గడ్డానికి తగిలితే మనిషి ఎందుకు స్పృహ తప్పుతాడో తెలుసా? కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల నీళ్లు కదులుతాయి. మన తల కూడా అలాంటిదే. గట్టి పుర్రె లోపల మెత్తని మెదడు ఉంటుంది. దాని చుట్టూ నీరు ఉంటుంది. గడ్డానికి దెబ్బ తగిలితే తల గిర్రున తిరుగుతుంది. లోపల మెదడు కుదుపుకు గురవుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి.

అందుకని గడ్డం కిందికి వంచండి. మెడలో పుస్తెలతాడు చూసుకుంటున్నట్టు కొంచెం వంచితే చాలు. కళ్లు మాత్రం అతని మీదే ఉండాలి. భుజాలు కొంచెం పైకి ఎత్తండి. నోరు మూసి పళ్లు కలిపి పెట్టండి. నోరు తెరిచి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే దవడ విరిగే ప్రమాదం ఎక్కువ. నాలుక కూడా తెగుతుంది. అరిచేటప్పుడు ఒక మాట అరవండి, మళ్లీ నోరు మూయండి.

గుద్దు వచ్చేస్తే

మూడు కాపులూ పెట్టుకున్నాం. అయినా గుద్దు వచ్చింది. అప్పుడేం చెయ్యాలి?

నేర్చుకోనివాడు గుద్దితే గుద్దు ఎక్కువగా పక్కనుంచి తిరిగి వస్తుంది. కుడిచేతి వాటం వాడైతే మీ ఎడమ చెంప వైపు వస్తుంది. అప్పుడు ఎడమ చేత్తో చెవి వెనక జుట్టు సర్దుకున్నట్టు చెయ్యండి. అరచెయ్యి తల వెనక ఉంటుంది. మోచెయ్యి ముందుకు పొడుచుకుని ఉంటుంది. దెబ్బ మోచేతికి, జబ్బకు తగులుతుంది. ముఖానికి తగలదు. జబ్బ కమిలితే కొన్ని రోజుల్లో తగ్గుతుంది.

ఎటునుంచి వస్తుందో తెలియకపోతే రెండు చేతులతో అలాగే చెయ్యండి. రెండు మోచేతులూ ముఖానికి ముందు దడి కట్టినట్టు ఉండాలి. ఇది కొత్త విద్య కాదు. నెత్తిన పెంకు పడుతుందంటే మనం ఏం చేస్తాం? కళ్లు మూసుకుని, భుజాలు ఎత్తి, చేతులు తలమీద పెట్టుకుంటాం. పుట్టుకతో వచ్చిన కాపు అది. దాన్నే కొంచెం సరిచేసుకుంటున్నాం. ఒక్క తేడా, కళ్లు మూసుకోకూడదు.

ఆ తర్వాత అక్కడే నిలబడకండి. ఒక గుద్దు గుద్దినవాడు రెండోది కూడా గుద్దుతాడు. పక్కకు తప్పుకోండి. పరుగెత్తండి. చీకటి వైపు కాదు, వెలుగు వైపు పరుగెత్తండి. ఒంటరి దారి వైపు కాదు, జనం ఉన్న కొట్టు వైపు, ఇంటి వైపు పరుగెత్తండి.

జనం చూస్తూ నిలబడిపోతే ఒక మనిషిని వేలు పెట్టి చూపండి. "ఎర్ర చీర అక్కా, పోలీసులకు ఫోను చెయ్యి. టోపీ పెట్టుకున్న అన్నా, ఇటు రా" అనండి. అందరినీ పిలిస్తే ఎవరూ రారు. ఒకరిని పిలిస్తే ఆ ఒకరు కదులుతారు.

తప్పించుకునే దారి లేకపోతే? గట్టిగా పట్టుకుని వదలకపోతే? అప్పుడు కొట్టాలి. పిడికిలితో కొట్టకండి. వేళ్ల ఎముకలు విరుగుతాయి. అరచేతి కింది భాగంతో ముక్కు మీద కొట్టండి. మడమతో పాదం మీద తొక్కండి. మోకాలితో తొడల మధ్య పొడవండి. పట్టు వదలగానే పరుగెత్తండి. గెలవడానికి కాదు మనం కొట్టేది. బయటపడటానికి.

కింద పడితే

పిడికిలి కన్నా నేల గట్టిది. గుద్దు దెబ్బ కన్నా, పడినప్పుడు తల రాయికి తగిలిన దెబ్బతోనే ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. పడుతున్నామని తెలియగానే గడ్డం గుండెకు ఆనించండి. వీపు గుండ్రంగా వంచండి. అప్పుడు తల వెనక భాగం నేలకు కొట్టుకోదు. చెయ్యి నిటారుగా నేలకు ఆనించకండి. మణికట్టు విరుగుతుంది.

కింద పడ్డాక తన్నుతుంటే పక్కకు తిరిగి ముడుచుకోండి. మోకాళ్లు కడుపు దగ్గరికి తీసుకోండి. రెండు చేతులూ మెడ వెనక పెట్టి, మోచేతులు ముఖానికి అడ్డం పెట్టండి. వీలు దొరకగానే లేచి పారిపోండి. కడుపుతో ఉన్నవాళ్లు ముందు కడుపును కాచుకోండి. గర్భిణికి పొట్ట మీద దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇంట్లో అయితే

ఇంతవరకు బయటివాడి సంగతి చెప్పాను. మీలో కొందరు తలలు వంచుకున్నారు. నాకు అర్థమైంది. చెయ్యెత్తేవాడు బయట లేడు, ఇంట్లోనే ఉన్నాడు.

ఒక మాట ముందు చెప్తాను. దెబ్బ తిన్న ఆడదాని తప్పు కాదు అది. కూరలో ఉప్పు ఎక్కువైనా, ఎదురు మాట్లాడినా, కొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంట్లో వచ్చే దెబ్బ చాలాసార్లు ఉన్నట్టుండి రాదు. సైకిలు స్టాండు వేసే చప్పుడును బట్టే ఈరోజు ఎలా ఉండబోతుందో మీకు తెలుస్తుంది. గొంతు మారగానే తెలుస్తుంది. ఆ తెలివిని వాడుకోండి. అప్పుడు వంటింట్లో ఉండకండి. అక్కడ కత్తిపీట ఉంటుంది. కాగే నూనె ఉంటుంది. రోకలి ఉంటుంది. స్నానాల గదిలోకి వెళ్లకండి. అక్కడ ఇంకో దారి ఉండదు. వీధి తలుపు దగ్గరకు, అరుగు మీదకు రండి.

నమ్మకమైన పొరుగామెతో ముందే ఒక గుర్తు అనుకోండి. పళ్లెం మీద గరిటెతో కొడితే ఆమె నలుగురిని పిలుచుకుని రావాలి. పిల్లలకు చెప్పండి: మధ్యలోకి రావద్దు, పక్కింటికి పరుగెత్తాలి. ఆధార్ కార్డు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, కొంచెం డబ్బు ఒక సంచిలో పెట్టి తెలిసినవాళ్ల దగ్గర దాచండి.

ఒక హెచ్చరిక. ఎవరైనా గొంతు పట్టుకుని నొక్కితే దాన్ని చిన్న విషయం అనుకోకండి. పైకి మచ్చ కనబడకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. గొంతు నొక్కినవాడు ఇంకోసారి ప్రాణం తీయొచ్చు. ఆ ఇంట్లో ఇంకో రాత్రి గడిపే ముందు ఆలోచించండి. నలుగురి సాయం తీసుకోండి.

దెబ్బ తగిలాక

ముక్కునుంచి నెత్తురు వస్తే తల వెనక్కి వాల్చకండి. కూర్చుని ముందుకు వంగండి. ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో పది నిమిషాలు వదలకుండా నొక్కండి. నోటితో గాలి పీల్చండి.

వాపు ఉంటే మంచుముక్క గుడ్డలో చుట్టి పెట్టండి. మంచు దొరక్కపోతే తడిగుడ్డ పెట్టండి. సున్నం, పసరు, కాఫీపొడి పెట్టకండి.

పెద్దవాళ్ల పన్ను వేరుతో సహా ఊడితే పారేయకండి. వేరు ముట్టుకోకుండా, నమిలే వైపు పట్టుకోండి. పాలలో వేసి, గంటలోపల పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మళ్లీ అతికే అవకాశం ఉంది.

తలకు దెబ్బ తగిలితే ఒకటి రెండు రోజులు ఒంటరిగా ఉండకండి. స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, రెండుగా కనబడినా, చెవినుంచి నెత్తురు గానీ నీరు గానీ వచ్చినా వెంటనే 108కి ఫోను చెయ్యండి.

చట్టం ఏమంటుంది?

"తిరిగి కొడితే మన మీదే కేసు పెడతారేమో" అని భయం. కాని తనను తాను కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. 1860లో వచ్చిన పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు సెక్షన్లు ఈ హక్కు గురించి చెప్పాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఈ హక్కు గురించే.

అయితే దానికి హద్దు ఉంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే చెయ్యాలి. అతను పారిపోతుంటే వెంటపడి కొడితే అది కాపాడుకోవడం కాదు.

ఎముక గానీ పన్ను గానీ విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయంగా చూస్తుంది. కావాలని అలా కొట్టినవాడికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇంట్లో కొట్టేవాళ్ల విషయంలో 2005లో వచ్చిన గృహహింస చట్టం ఉంది. ఆ చట్టం కింద కొట్టవద్దని కోర్టు ఆజ్ఞ ఇవ్వొచ్చు. ఉంటున్న ఇంట్లోంచి ఆమెను గెంటెయ్యకుండా కూడా కోర్టు ఆపొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఈ నెంబర్లు రాసి గోడకు అంటించండి: ఆపదలో 112. మహిళల సాయానికి 181. ఉచిత న్యాయ సహాయానికి 15100.

నోరు విప్పండి, రాయండి

నా కథలో మిగిలింది ఇప్పుడు చెప్తాను.

ఆరోజు నేను ఆస్పత్రికి వెళ్లాను. పెదవికి కుట్లు వేశారు. "ఏమైందమ్మా?" అని డాక్టరు అడిగాడు. "మెట్ల మీద జారిపడ్డాను" అన్నాను. కరాటే టీచరు దెబ్బ తిందంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఫిర్యాదు ఇవ్వలేదు. బడిలో పిల్లలకు కూడా అదే అబద్ధం చెప్పాను.

రెండు నెలల తర్వాత మళ్లీ ఆ బస్టాండుకు వెళ్లాను. జామకాయల ముసలమ్మ లేదు. పక్క బడ్డీ అతన్ని అడిగాను. అదే మనిషి మళ్లీ వచ్చి ఆమెను తోశాడట. చెయ్యి విరిగిందట. గంప ఎత్తుకోలేక ఊరికి వెళ్లిపోయిందట.

నా పెదవి మాసిపోయింది. ఆమె చెయ్యి సంగతి నేను ఇప్పటికీ మరచిపోలేదు. నేను ఆరోజు నిజం చెప్పి ఉంటే వాడి పేరు పోలీసు కాగితం మీద ఉండేది. వాడు రెండోసారి చెయ్యెత్తే ముందు ఆలోచించేవాడేమో.

కాబట్టి అక్కల్లారా, "జారిపడ్డాను" అనకండి. "తలుపు తగిలింది" అనకండి. డాక్టరుకు నిజం చెప్పండి. ఎవరు కొట్టారో చెప్పండి. డాక్టరు అది రాస్తారు. ఆ కాగితమే రేపు సాక్ష్యం. గాయం ఫోటో తీయించుకోండి.

ఇక్కడే మన చదువు పనికొస్తుంది. ఫిర్యాదు మనమే రాయొచ్చు. పెద్ద మాటలు అక్కర్లేదు. ఆరు సంగతులు రాస్తే చాలు: నా పేరు, ఊరు. ఏ తేదీ, ఎన్ని గంటలకు. ఎక్కడ. ఎవరు కొట్టారు. ఏం చేశారు, ఎక్కడ తగిలింది. ఎవరు చూశారు. కింద సంతకం. స్టేషనులో వేరొకరు రాస్తే చదివి వినిపించమనండి. మీరు కూడా చదవండి. మీరు చెప్పిందే ఉంటే అప్పుడు సంతకం పెట్టండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ డబ్బులు లేకుండా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

చివరగా ఒక పని. వారానికి ఒకరోజు, పొదుపు సంఘం లెక్కలు అయ్యాక, పది నిమిషాలు ఇద్దరిద్దరుగా నిలబడండి. ఒకరు తువ్వాలు చుట్టచుట్టి మెల్లగా పక్కనుంచి ఊపండి. ఇంకొకరు మోచెయ్యి అడ్డం పెట్టండి. మొదట మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. పిడికిలితో ఆడకండి. ఒక్కరోజు విన్న మాట మరచిపోతాం. పదిరోజులు చేసిన పని చెయ్యి మరచిపోదు.

మన ఊళ్లో ఏ అక్కకూ ఈ విద్యతో పని పడకూడదని కోరుకుంటున్నాను. పని పడితే మాత్రం ఆమె చేతులు పైకి లేవాలి. గొంతు కూడా లేవాలి. సెలవు.

గుర్తుంచుకుందాం

1. గుద్దును చూసి ఆపలేం. ముందే కాచుకోవాలి.
2. రెండు చేతులంత దూరం ఉండాలి.
3. అరచేతులు తెరిచి గుండె ఎత్తులో పెట్టుకోవాలి.
4. గడ్డం కిందికి. పళ్లు కలిపి. కళ్లు తెరిచి.
5. దెబ్బ వస్తే మోచెయ్యి అడ్డం. తర్వాత వెలుగు వైపు, జనం వైపు పరుగు.
6. డాక్టరుకు, పోలీసులకు నిజం చెప్పాలి. చదివి సంతకం పెట్టాలి.

మాట్లాడుకుందాం

1. టీచరమ్మ బస్టాండులో చేసిన పొరపాట్లు ఏవి?
2. మన ఊళ్లో చీకటిగా, ఒంటరిగా ఉండే దారులు ఏవి? అక్కడ దీపం పెట్టించడానికి పంచాయతీని ఎవరు అడుగుతారు?
3. పక్కింట్లో దెబ్బల చప్పుడు వినబడితే మనం ఏం చేస్తున్నాం? ఏం చెయ్యాలి?
4. ఆరు సంగతులతో ఒక ఫిర్యాదు రాయండి. పక్కనున్నవారికి చదివి వినిపించండి.